కంట్లో పురుగు ఎక్కడుంది?

నౌపడ, టెక్కలి, సంతబొమ్మాళి చుట్టుపక్కల పురుగు జబ్బు అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది బోదకాలు. శ్రీకాకుళం జిల్లాకు ఫైలేరియా కొత్త కాదు. దాని సూక్ష్మ పురుగులు పగలంతా లోపలి రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి పొద్దుపోయాక పైపై రక్తంలోకి వస్తాయి. అందుకే ఫైలేరియా సిబ్బంది జనం పడుకునే వేళకు వచ్చి వేలి నుంచి చుక్క రక్తం తీసుకునేవారు. 2004లో దేశవ్యాప్తంగా ఫైలేరియా మందు డి.ఇ.సి. మాత్రల సామూహిక పంపిణీ మొదలైంది. 2007లో దానికి నులిపురుగుల మందు ఆల్బెండజోల్ తోడైంది. ఇంత పరిచయం ఉన్న చోట, తెల్లగుడ్డు మీద దారప్పోగు లాంటిది మెదిలితే ఫైలేరియా కంటికెక్కిందని అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

కానీ ఆ అనుమానం నిజమయ్యేది చాలా అరుదు. బోదకాలు తెచ్చే వూచెరేరియా బాంక్రాఫ్టీ లింఫ్ నాళాల్లో కాపురముండే పురుగు. అది కంట్లో దొరికిన సందర్భాలు వైద్య పత్రికల్లో బహు తక్కువ. మన దేశంలో కంటిని దెబ్బతీసే పురుగులు వేరు. కొన్ని మలంతో కలుషితమైన చేతి నుంచి, ఆకుకూర నుంచి వస్తాయి. కొన్ని కుక్క నుంచి దోమ ద్వారా, కొన్ని చెరువు నీటి నుంచి, ఇంకొన్ని ఈగ నుంచి వస్తాయి.

వీటి పేర్లన్నీ గుర్తుపెట్టుకోవడం డాక్టర్ల పని. రోగికీ ఇంటివాళ్లకూ తెలిసి ఉండాల్సింది ఒక్కటే. కంటి పురుగుకు వైద్యం అది ఏ పురుగన్న దానికన్నా ఎక్కువగా, కంట్లో ఎక్కడుందన్న దాని మీద నడుస్తుంది. ఒకే పురుగు కంటిని కదిపే కండరంలో ఉంటే ఒక మాత్ర దాన్ని కరిగించి కంటిని కాపాడుతుంది. అదే పురుగు గుడ్డు లోపల ఉంటే, అదే మాత్ర చూపు పోవడానికి కారణం కావచ్చు. ఈ తేడా తెలియకుండా కంటి పురుగు గురించి ఎంత చెప్పుకున్నా లాభం లేదు.

ముందు, మన కంటి డాక్టర్లు ఎక్కువగా చూసే పురుగు సంగతి. అది పంది బద్దెపురుగు, శాస్త్రీయనామం టీనియా సోలియం. దీని కథ చాలామందికి తలకిందులుగా తెలుసు. పంది మాంసం తింటే మెదడులోకి, కంట్లోకి పురుగు పోతుందంటారు. నిజానికి సరిగా ఉడకని పంది మాంసం తిన్న మనిషికి వచ్చేది పేగులో ఉండే బద్దెపురుగు. అది మీటర్ల పొడవు పెరిగి, ఏళ్ల తరబడి, చాలాసార్లు ఏ బాధా తెలియనివ్వకుండా బతుకుతుంది. ఆ మనిషి మలంలో దాని గుడ్లు పడతాయి. ఆ గుడ్లు ఊరపంది కడుపులోకి పోతే పంది కండలో తిత్తులు కడతాయి. మనిషి కడుపులోకి పోతే మనిషి కండలో, మెదడులో, కంట్లో కడతాయి. గుడ్డు నుంచి బయటపడిన పిల్లపురుగు పేగు గోడ దాటి రక్తంలో కొట్టుకుపోయి, ఎక్కడ చిక్కుకుంటే అక్కడ చుట్టూ నీటితిత్తి కట్టుకుంటుంది.

అంటే పంది మాంసం వాసన కూడా ఎరగని శాకాహారికీ ఈ జబ్బు రావచ్చు. వంట చేసే చేతికి గుడ్లు అంటి ఉంటే చాలు. మలం చేరిన నీటితో పెంచిన కొత్తిమీరను సరిగా కడగకుండా చల్లుకున్నా చాలు. కాబట్టి తిండి మీద, ఆ తిండి తినేవాళ్ల కులం మీద నింద వేసే పెద్దమనుషులు ఆ మాట మానుకోవడం మంచిది. లోపం తిండిలో లేదు. మరుగుదొడ్డి లేకపోవడంలో, ఉన్నా వాడకపోవడంలో, పందులను వీధుల్లో వదిలేయడంలో ఉంది.

పాశ్చాత్య గ్రంథాలు ఈ తిత్తి ఎక్కువగా కంటిగుడ్డు లోపల వస్తుందని రాసేవి. మన దేశంలో వైద్యులకు కనిపించింది వేరు. ఇక్కడ ఎక్కువమందికి అది గుడ్డు బయట, కంటిని అటూ ఇటూ తిప్పే కండరాల్లో వస్తోంది. ఈ విషయంలో తెలుగునేల మీద జరిగిన పని చెప్పుకోదగ్గది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు చెందిన జి. చంద్రశేఖర్, సంతోష్ హొనావర్ కండరాల్లో ఉండే ఈ తిత్తుల గురించి, స్కానింగుతో గుర్తించడం గురించి, మందులతో వైద్యం గురించి 1999లో ‘ఆఫ్తాల్మాలజీ’ పత్రికలో తమ అనుభవాన్ని ప్రచురించారు. అంతకుముందు ఇలాంటి వాపు కనిపిస్తే గడ్డ అనుకుని కోసి తీయాలనే ఆలోచనే ముందు వచ్చేది. కండరంలో అంటుకుపోయిన తిత్తిని కోస్తే కండరం దెబ్బతిని, శాశ్వతంగా మెల్లకన్నుగా ఉండిపోయే ప్రమాదం ఉంది. మాత్రలతోనే తగ్గే జబ్బుకు కత్తి పెట్టనక్కర్లేదని ఇప్పుడు స్థిరపడింది.

లక్షణాలు మామూలుగా ఇలా ఉంటాయి. ఒక కంటి రెప్ప వాలుతుంది. కన్ను కొంచెం ముందుకు పొడుచుకొస్తుంది. ఒక పక్కకు చూస్తే నొప్పి పుడుతుంది, ఎదుటి వస్తువు రెండుగా కనిపిస్తుంది. తెల్లగుడ్డు మీద ఒక చోట ఎర్రగా ఉబ్బుతుంది. రోగులు ఎక్కువగా పిల్లలు, యువకులు. దీన్ని కళ్లకలకగా భావించి చుక్కల మందులతో వారాలు గడిపేయడం మామూలు. కంటికి అల్ట్రాసౌండ్ తీస్తే మాత్రం గుట్టు బయటపడుతుంది. నల్లటి నీటితిత్తి, దాని లోపలి గోడకు అంటుకుని తెల్లగా మెరిసే చుక్క కనిపిస్తాయి. ఆ చుక్కే పురుగు తల. అది కనిపిస్తే రోగనిర్ధారణ దాదాపు అయిపోయినట్టే. ఈ పరీక్షకు పెద్ద ఖర్చు కాదు, కోత లేదు, సూది లేదు.

వైద్యం ఆల్బెండజోల్. రోజుకు కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల లెక్కన, పెద్దవాళ్లకైతే సాధారణంగా 400 మిల్లీగ్రాముల మాత్ర పూటకొకటి చొప్పున రెండు పూటలా, నాలుగు వారాలు. నూనె, నెయ్యి ఉన్న భోజనంతో వేసుకుంటే ఈ మందు ఒంటికి చాలా బాగా పడుతుంది. పథ్యం పేరుతో చారన్నం మీద ఉండే అలవాటు ఇక్కడ పనికిరాదు. మాత్రతో పాటు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ తప్పనిసరి, ఆపేటప్పుడు నెమ్మదిగా తగ్గించాలి. చచ్చే పురుగు నుంచి బయటికొచ్చే పదార్థాల మీద శరీరం తిరగబడి వాపు పెంచుతుంది. బతికున్న పురుగు చేసే హానికన్నా చచ్చే పురుగు రేపే మంట పెద్దది కావచ్చు. కంటి పురుగుల వైద్యమంతా ఈ ఒక్క సూత్రం చుట్టూ తిరుగుతుంది.

అదే తిత్తి గుడ్డు లోపల, వెనుక పొర అయిన రెటీనా కిందో, దాని ముందున్న విట్రియస్ జెల్లీలోనో ఉంటే లెక్క మారిపోతుంది. 1851లో హెల్మ్‌హోల్ట్స్ ఆఫ్తాల్మోస్కోపు గురించి లోకానికి చెప్పిన కొన్నేళ్లకే, బెర్లిన్‌లో ఫాన్ గ్రేఫే ఆ పరికరంతో బతికున్న మనిషి కంటి లోపల ముడుచుకుంటూ, చాచుకుంటూ కదిలే ఈ తిత్తిని చూశాడు. కంటిగుడ్డు మూసి ఉన్న చిన్న గది. అక్కడ పురుగు చచ్చి రసాయనాలు వదిలితే పోవడానికి దారి ఉండదు. రెటీనా ఊడిపోతుంది, లోపలంతా చీము పట్టినంత వాపు వస్తుంది, చివరికి గుడ్డు కుంచించుకుపోతుంది. అలాగని వదిలేస్తే, పురుగు తనంతట తాను చచ్చిన రోజు జరిగేదీ అదే. కాబట్టి ఇక్కడ మార్గం ఆపరేషన్. సన్నని గొట్టాలతో విట్రెక్టమీ చేసి తిత్తిని వీలైతే మొత్తంగా, లేదా లోపలే ముక్కలు చేసి పీల్చి తీసేస్తారు. ఎంత తొందరగా చేస్తే చూపు అంత మిగులుతుంది.

ఇక్కడే మన జిల్లా ఆసుపత్రుల్లో గట్టిగా పట్టించుకోవలసిన విషయం ఒకటుంది. ఫిట్స్ వచ్చిన కుర్రవాడికి స్కాన్ తీసి మెదడులో తిత్తి ఉందని తేలితే వారాల తరబడి ఆల్బెండజోల్ రాస్తారు. అది సరైన వైద్యమే. కానీ మెదడుకు చేరిన పురుగు కంటికీ చేరి ఉండవచ్చు. కంటి అంచున, రెటీనా కింద ఉన్న తిత్తి వల్ల ఇంకా చూపు మందగించకపోవచ్చు, రోగికి దాని ఊసే తెలియకపోవచ్చు. అలాంటి మనిషికి మాత్ర పడితే మెదడు బాగుపడుతూ కన్ను పోతుంది. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి వెనుక భాగమంతా చూడడానికి గంట కూడా పట్టదు. కంట్లో తిత్తి కనిపించిన మనిషికి మెదడు స్కాన్ తీయించడం కూడా అంతే ముఖ్యం.

బడుల్లో ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇచ్చే నులిపురుగుల మాత్రకూ దీనికీ ముడిపెట్టి ఎవరూ భయపడొద్దు. అదీ ఆల్బెండజోలే గానీ, ఒక్క మోతాదు. ఏలికపాములను, కొంకిపురుగులను పోగొట్టి అది చేసే మేలు చాలా పెద్దది. పిల్లలకు వేయించండి. ఫిట్స్ వస్తున్న పిల్లవాడైనా, ఒక కంటితో సరిగా కనబడని పిల్లవాడైనా ఆ సంగతి ముందుగా సిబ్బందికి చెప్పండి, చాలు.

ఇక కుక్కల సంగతి. తెల్లగుడ్డు పొర కింద మెలికలు తిరుగుతూ నిజంగా కదిలే పొడవాటి పురుగు మన దేశంలో కనిపిస్తే, అది ఎక్కువగా డైరోఫైలేరియా రిపెన్స్. కుక్కల పురుగు ఇది, దోమ ద్వారా మనిషికి వస్తుంది. కేరళ నుంచి ఇలాంటి రిపోర్టులు చాలా వచ్చాయి, శ్రీలంకలోనైతే ఇది బాగా పరిచయమైన జబ్బు. ఫైలేరియా కుటుంబానిదే కాబట్టి మన జనం అనుమానంలో ఆ మేరకు నిజముంది. కానీ మనిషి దీనికి సరైన ఇల్లు కాదు. సాధారణంగా ఒకే ఒక్క పురుగు ఉంటుంది, పిల్లల్ని పెట్టదు, రక్తంలో కనబడదు. అందుకే నెలల తరబడి డి.ఇ.సి. మింగించడం అనవసరం. మత్తు చుక్కలు వేసి, పొరను చిన్నగా కోసి, పట్టుకారుతో తీసేస్తే జబ్బు ముగిసింది. చిక్కల్లా అది కుదురుగా ఉండకపోవడమే. పొద్దున కనిపించింది మధ్యాహ్నానికి గుడ్డు వెనక్కి జారిపోతుంది. ఫోనులో వీడియో తీసి ఉంచుకోవడం డాక్టరుకు ఎంతో సాయం.

నల్లగుడ్డు వెనుక ఉండే కంటి ముందు గదిలో పురుగు ఈదుతూ కనిపిస్తే ఇంకో జాగ్రత్త కావాలి. కంటి పరీక్ష అనగానే కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేయడం అలవాటు. ఇక్కడ ఆ పని చేస్తే పురుగు పాపలోంచి వెనక్కి దూరిపోయి పట్టుకోవడం కష్టమవుతుంది. అందుకే పైలోకార్పిన్‌తో పాపను చిన్నది చేసి, దారి మూసి, అప్పుడు తీస్తారు. రోగి వెంటనే చేరాల్సిన చోటుకు చేరకపోతే ఈ ఉపాయాలేవీ పనిచేయవు.

కుక్కపిల్లల పేగుల్లో ఉండే టాక్సోకారా దారి ఇంకోటి. దాని గుడ్లు నేలలో పడి, కొన్ని వారాలు మాగాక గానీ అంటుకోవు. కాబట్టి కుక్కను నిమిరినందుకు కాదు, మట్టిలో ఆడి ఆ చేతులే నోట్లో పెట్టుకున్నందుకు పిల్లలకు వస్తుంది. ఒక కన్ను మెల్లకన్నుగా మారడం, కంటిపాపలో తెల్లని మెరుపు కనిపించడం దీని గుర్తులు. కంటి క్యాన్సరు రెటినోబ్లాస్టోమా కూడా ఇలాగే ఉంటుంది. ఆ పోలిక ఒకప్పుడు ఎన్ని కళ్లను బలిగొందో 1950లో అమెరికాలో హెలెనార్ వైల్డర్ చేసిన పరిశీలన చెబుతుంది. కణితి అనుమానంతో తీసేసిన 46 కళ్లను ఆమె మళ్లీ పొరలు పొరలుగా కోసి చూస్తే 24 కళ్లలో పురుగు జాడ దొరికింది. టాక్సోకారాకు ఇప్పటికీ ప్రధాన వైద్యం స్టెరాయిడ్లే, అవసరమైతే విట్రెక్టమీ. పురుగును చంపే మాత్ర ఎంత ఉపయోగమన్న దాని మీద నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు. రెటీనాలో తిరిగే పిల్లపురుగు డాక్టరుకు నేరుగా కనబడితే మాత్రం లేజరుతో అక్కడికక్కడే కాల్చేయవచ్చు. అలా కనిపెట్టడానికి ఓపిక కావాలి, దొరికినప్పుడు వైద్యం నిమిషాల పని.

చెరువుల విషయం మన ప్రాంతానికి మరింత దగ్గరది. తమిళనాడులో ఊరి చెరువుల్లో స్నానాలు చేసే పిల్లలకు కంటి పొర మీద, ముందు గదిలో చిన్న చిన్న తెల్లని బుడిపెలు రావడం మదురై అరవింద్ కంటి ఆసుపత్రిలో ఎస్.ఆర్. రత్తినం బృందం గమనించింది. 2001లో ఆ సంగతి ప్రచురించారు. క్షయ బుడిపెల్లా కనిపించే వాటిలో అసలు ఉన్నది ట్రెమటోడ్ జాతి పురుగు. 2016లో జన్యు పరీక్షలతో దాన్ని ప్రోసెరోవమ్ వేరియమ్‌గా గుర్తించారు. నీటి నత్తల్లో పెరిగి, చేపల్లోకి పోయి, చేపలు తినే పక్షుల్లో పెద్దదయ్యే పురుగు అది. చిన్న బుడిపెలు స్టెరాయిడ్ చుక్కలతో కరిగిపోతాయి, పెద్దవాటిని తీసేయాలి. గెడ్డలు, చెరువులు, నత్తలు మన ఊళ్లలోనూ ఉన్నాయి. నౌపడకు దగ్గర్లో తేలినీలాపురానికి ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి గూళ్లు కడతాయి. ఆ పక్షులను అనుమానించమని కాదు నేను చెప్పేది, అవి ఈ నేలకు అందం. కన్ను ఎర్రబడి బుడిపెతో వచ్చిన పిల్లవాణ్ని చెరువులో ఈత కొడుతున్నావా అని అడగడం మాత్రం డాక్టరు మరవకూడదు.

కన్నీళ్లు తాగే ఈగలు తెచ్చే థెలాజియా రెప్ప కింద ఉంటుంది. ఉప్పునీటితో కడిగి, పట్టుకారుతో తీసేస్తే సరి. పశువుల కళ్లలో దీని బంధువులను మన రైతులు చూసే ఉంటారు. పచ్చి చేప, పచ్చి నత్త మాంసంతో వచ్చే పురుగులు కూడా కంటికి చేరతాయి గానీ, చేపను పులుసు పెట్టుకుని తినే ఊళ్లలో వాటి గురించి దిగులు అక్కర్లేదు.

ప్రపంచ చరిత్రలో కంటి పురుగు అంటే ఆఫ్రికాయే. అక్కడి కథలో ఒక తెలుగువాడున్నాడు. మన ఇంటింటికీ పంచే డి.ఇ.సి. మాత్ర, వ్యాపారనామం హెట్రజాన్, 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో వెలువడింది. ఆ పరిశోధనలను నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లి ఫైలేరియా తెచ్చుకున్న అమెరికా సైనికుల అవసరం కూడా ఆ వెతుకులాటకు ఒక కారణం. మరుసటి ఏడాదే ఆయన పోయారు. ఆయన మందు శ్రీకాకుళం పల్లెల్లో బోదకాళ్లను ఆపే పని చేస్తూ వచ్చింది.

అదే మందు ఆఫ్రికా నదుల ఒడ్డున ప్రమాదకరమైంది. అక్కడ నల్ల ఈగలు కుట్టి వ్యాపించే ఆంకోసెర్కా అనే పురుగు పిల్లలు చర్మం నిండా, కంటి నిండా తిరుగుతాయి. నది అంధత్వం అనే పేరు అందుకే వచ్చింది. డి.ఇ.సి. పడగానే అవన్నీ ఒక్కసారిగా చచ్చి, ఒళ్లంతా దద్దుర్లు, కంట్లో తీవ్రమైన వాపు వచ్చి, ఉన్న చూపూ పోయేది. మెల్లగా పనిచేసే మందు దొరికేదాకా అక్కడి జనానికి దారి లేకపోయింది. ఆ మందు ఐవర్‌మెక్టిన్. జపాన్‌కు చెందిన సతోషి ఓమురా, అమెరికాలో పనిచేసిన విలియం కాంప్‌బెల్ దాని వెనుక ఉన్నవాళ్లు. 2015లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. మెర్క్ కంపెనీ 1987లో దాన్ని ఉచితంగా ఇస్తామని ప్రకటించింది. 2013లో కొలంబియా ఈ జబ్బు నుంచి బయటపడిన మొదటి దేశమైంది. 2025 జనవరిలో నైజర్, ఆఫ్రికాలో మొదటిదిగా, ఆ జాబితాలో చేరింది. ఆంకోసెర్కా ఒంట్లో ఉండే వోల్‌బాకియా బాక్టీరియాను డాక్సీసైక్లిన్‌తో చంపితే పెద్ద పురుగు కూడా క్షీణిస్తుందని తర్వాత తేలింది.

కంటి పొర కింద పాకే ఆఫ్రికా పురుగు లోవా లోవా దగ్గర ఐవర్‌మెక్టిన్‌కూ హద్దుంది. దాని పిల్లలు రక్తంలో మిల్లీలీటరుకు 30 వేలు దాటిన మనిషికి ఆ మాత్ర ఇస్తే మెదడుకు ముప్పు రావచ్చు. బోదకాలు పురుగుకు అర్ధరాత్రి రక్తం తీస్తే, లోవాకు మిట్టమధ్యాహ్నం తీయాలి. దాన్ని మోసే ఈగ పగలు కుడుతుంది. గాబన్, కామెరూన్, కాంగో వైపు పనులకు పోయి వచ్చిన మనవాళ్లు ఒంటి మీద వచ్చిపోయే వాపులతో, కంట్లో కదలికతో డాక్టరు దగ్గరకు వెళ్తే తాము ఏ దేశంలో ఉన్నారో ముందు చెప్పాలి. చెప్పకపోతే ఇక్కడి డాక్టరుకు ఆ పేరు తట్టదు.

ఉప్పు పండే నౌపడలో చెప్పుకోదగ్గ ముచ్చట ఇంకొకటుంది. డి.ఇ.సి.ని మాత్రగా కాక వంట ఉప్పులో కొద్దికొద్దిగా కలిపి ఊరంతటికీ తినిపించే పద్ధతి ఒకటుంది. చైనా పెద్ద ఎత్తున ఆ ఉప్పు వాడి, 2007లో ఫైలేరియాను నిర్మూలించిన దేశంగా గుర్తింపు పొందింది. మన దేశంలో లక్షదీవుల్లో, కారైకాల్‌లో ప్రయోగాలు జరిగాయి, ఫలితాలూ బాగున్నాయి. ఆ దారి మన కార్యక్రమంలో ఎందుకు ముందుకు సాగలేదన్నది వేరే వ్యాసం. కంటి పరంగా చూస్తే మన దేశంలో దానికి అడ్డు లేదు. డి.ఇ.సి.ని ప్రమాదకరం చేసే నది అంధత్వం ఇక్కడి జబ్బు కాదు.

చివరిగా ఊళ్లో జరిగే వైద్యం మాట. కన్ను ఎర్రబడితే ఆకు పసరు పిండడం, ఆముదం వేయడం, చనుబాలు పోయడం ఇంకా పోలేదు. సంతల్లో పన్ను పురుగు, కంటి పురుగు తీస్తామని కూర్చునేవాళ్లు చూపించే పురుగులు రోగి కంట్లోవి కావు, వాళ్ల చేతిలోవి. మందుల షాపులో అడిగి వేసుకునే స్టెరాయిడ్ చుక్కలు ఇంకా మోసకారివి. ఎరుపు రెండు రోజుల్లో తగ్గుతుంది, లోపలి జబ్బు మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్లకు ఎండ, తెల్లని మెరుపు వల్ల కళ్లు ఎర్రబడడం మామూలు కాబట్టి, ఒక కంటికే వచ్చిన ఎరుపును వాళ్లు మరీ ఆలస్యంగా పట్టించుకునే అవకాశం ఉంది. రెండు కళ్లూ మండితే ఉప్పు అనుకోవచ్చు. ఒక్క కన్నే వాలినా, ఉబ్బినా, రెండుగా చూపించినా టెక్కలి ప్రభుత్వాసుపత్రికి, అక్కడినుంచి అవసరమైతే శ్రీకాకుళం రిమ్స్‌కు పోవాలి. రెటీనా ఆపరేషన్ అవసరమైతే విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, హనుమంతవాకలో ఎల్.వి. ప్రసాద్ సంస్థ ఆసుపత్రి ఉన్నాయి.

పంచాయతీలు ఊరపందులను దొడ్లలో కట్టేయించే పని చేయాలి, ఇంటింటా మరుగుదొడ్డి వాడకం చూడాలి. ఆ పనికి కంటి డాక్టరు అక్కర్లేదు. డాక్టర్లకు నా విన్నపం మాత్రం ఒక్కటే. ఫిట్స్ రోగికి వారాల తరబడి ఆల్బెండజోల్ రాసే ముందు ఆ మనిషిని ఒక్కసారి కంటి విభాగానికి పంపండి, వెనుక పొర చూశాక చీటీ రాయండి.